అమెరికా కాలేజీ ఆటలు: డబ్బు ఎక్కడిది, ఎటు పోతోంది?

అందరికీ నమస్కారం. పిల్లల్ని అమెరికాలో చదివిస్తున్నవాళ్లు, చదివించాలనుకుంటున్నవాళ్లు సెమిస్టర్ బిల్లును ఒకసారి చివరిదాకా చూడండి. ట్యూషన్ కింద చిన్న చిన్న పద్దులుంటాయి. కొన్ని యూనివర్సిటీల్లో వాటిలో అథ్లెటిక్స్ ఫీజు ఒకటి. మైదానం ముఖం చూడని విద్యార్థి కూడా అది కట్టాల్సిందే. ఆ పద్దు ఎందుకుందో తెలియాలంటే క్రీడా విభాగం లెక్కలు విప్పాలి.

పెద్ద కాలేజీలకు అసలు బలం టీవీ. 1984లో ఓక్లహోమా యూనివర్సిటీ పాలకమండలి కేసులో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) ప్రసారాలపై ఎన్‌సీఏఏ, అంటే కాలేజీ క్రీడల్ని నడిపే జాతీయ సంఘం, గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. ఆ తర్వాత హక్కులు అమ్ముకునే పని క్రమంగా కాన్ఫరెన్సుల, అంటే కలిసి ఆడుకునే కాలేజీల కూటముల, చేతికొచ్చింది. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్సు 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలతో కుదుర్చుకున్న ఏడేళ్ల ఒప్పందం 700 కోట్ల డాలర్ల పైమాటే. మార్చిలో జరిగే బాస్కెట్‌బాల్ టోర్నీ మాత్రం ఎన్‌సీఏఏదే. అందులో ఫైనల్ మినహా జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కూ ఒక ‘యూనిట్’, అంటే టోర్నీ రాబడిలో ఒక వాటా, వస్తుంది. ఆ డబ్బు నేరుగా కాలేజీకి కాకుండా కాన్ఫరెన్సుకు ఆరేళ్లపాటు విడతలుగా అందుతుంది. అందుకే ఒక చిన్న కాలేజీ ముందుకెళ్తే దాని కాన్ఫరెన్సులోని మిగతా కాలేజీలకూ లాభమే.

టికెట్లలో ఒక కిటుకుంది. సీటు ధర వేరు, మంచి సీటు కొనే అర్హత కోసం ఇచ్చే విరాళం వేరు. ఆ విరాళంలో 80 శాతానికి ఒకప్పుడు పన్ను మినహాయింపు ఉండేది. 2017 పన్ను చట్టం దాన్ని తీసేసింది.

చిన్న కాలేజీలకు ఇవేవీ పెద్దగా అందవు. వాళ్లు చేసేది ‘గ్యారంటీ గేమ్’. పెద్ద కాలేజీ డబ్బిచ్చి చిన్న జట్టును తన ఊరికి రప్పించుకుంటుంది. తిరుగు మ్యాచ్ ఉండదు. 2007లో మిషిగన్ 4 లక్షల డాలర్లిచ్చి అపలాచియన్ స్టేట్‌ను పిలిచి, లక్షమందికి పైగా చూస్తుండగా 34-32తో ఓడిపోయింది. ఓడినా మిషిగన్‌కు గేటు ఆదాయం దక్కింది, అపలాచియన్‌కు చెక్కు దక్కింది. చిక్కల్లా మ్యాచ్ జరగకపోతేనే. 2020లో కోవిడ్ వల్ల పెద్ద కాన్ఫరెన్సులు బయటి జట్లతో మ్యాచ్‌లు రద్దు చేసుకున్నప్పుడు, ఆ చెక్కునే నమ్ముకున్న కాలేజీల బడ్జెట్లు కుదేలయ్యాయి. రద్దయితే పరిహారం ఎంత, ఏ కారణాలకు మినహాయింపు అన్నది ఒప్పందంలో చదవాల్సిన మొదటి షరతు.

ఇక ఖర్చు. క్రీడా స్కాలర్‌షిప్ పెద్ద ఖర్చుగా కనబడుతుంది. నిజానికి అందులో ట్యూషన్ భాగం క్రీడా విభాగం జేబులోంచి అదే యూనివర్సిటీ జేబులోకి పోతుంది. క్లాసులో ఇంకో విద్యార్థి కూర్చుంటే అయ్యే అసలు ఖర్చు ఆ రేటుకన్నా చాలా తక్కువ. క్యాంపస్ దాటి బయటికి పోయేవి వేరే ఉన్నాయి: కోచ్‌ల జీతాలు, ప్రయాణాలు, స్టేడియం అప్పుల వాయిదాలు. వీటన్నిటిలో నాకు అత్యంత అన్యాయంగా తోచేది బయౌట్, అంటే కోచ్‌ను గడువుకు ముందే తీసేస్తే ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన డబ్బు. టెక్సస్ ఏ అండ్ ఎం 2023లో ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసినందుకు ఆయనకు బాకీపడిన మొత్తం 7.5 కోట్ల డాలర్లు దాటింది. ఈ విభాగాలకు వాటాదారులుండరు, లాభం పంచక్కర్లేదు. గెలవాలన్న ఒత్తిడి ఒక్కటే ఉంటుంది. కాబట్టి వచ్చినదంతా ఖర్చవుతుంది.

నష్టమొస్తే ఆటలు తగ్గించుకోవచ్చు కదా అంటారు. ఎఫ్‌బీఎస్, అంటే కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నత స్థాయిలో ఉండాలంటే కనీసం 16 క్రీడలు నడపాలి. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఆడపిల్లలకూ సమాన అవకాశాలు ఇవ్వాలి. వందమందికి పైగా అబ్బాయిలుండే ఫుట్‌బాల్‌కు తూగాలంటే రోయింగ్ (తెడ్ల పడవ పందెం) లాంటి వాటిలో అమ్మాయిల పెద్ద జట్లు అవసరమవుతాయి. స్టాన్‌ఫర్డ్ అంతటిది 2020లో 11 క్రీడలు ఎత్తేస్తామని ప్రకటించి, మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది.

2025 జులై నుంచి కొత్త భారం పడింది. ఆటగాళ్లు ఎన్‌సీఏఏపై వేసిన ‘హౌస్’ కేసులో కుదిరిన ఒప్పందం ప్రకారం కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వవచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో కాలేజీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇది తప్పనిసరి కాదు. కానీ ఇవ్వని కాలేజీ నుంచి మంచి ఆటగాళ్లు వెళ్లిపోతారు. స్టేడియం నింపే కుర్రాళ్లకు వాటా దక్కడం న్యాయమే. ఆ డబ్బు కోచ్‌ల జీతాల్లోంచి రావాలిగానీ విద్యార్థుల ఫీజులోంచి కాదు.

మీరే లెక్క చూసుకోవచ్చు. ప్రభుత్వ యూనివర్సిటీ ఏటా ఎన్‌సీఏఏకు పంపే ఆర్థిక నివేదిక చాలా రాష్ట్రాల్లో సమాచార చట్టం కింద అడిగితే ఇస్తారు. అందులో ఆదాయం వైపు ‘విద్యార్థి ఫీజులు’, ‘సంస్థ నేరుగా ఇచ్చే మద్దతు’ అనే రెండు పద్దులుంటాయి. మొత్తంలోంచి ఆ రెండూ, ఉంటే పరోక్ష మద్దతు, ప్రభుత్వ సాయం పద్దులూ తీసేయండి. మిగిలిందే క్రీడా విభాగం సొంతంగా సంపాదించింది. ప్రైవేటు యూనివర్సిటీ అయితే అమెరికా విద్యాశాఖ సైట్‌లోని ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్ గణాంకాలు చూడండి. అక్కడ రాబడీ ఖర్చూ డాలరు తేడా లేకుండా సరిపోయినట్టు కనబడితే, అది నిలదొక్కుకున్న విభాగం అనుకోకండి. తరుగును యూనివర్సిటీయే పూడ్చి, దాన్నే రాబడిగా చూపించి ఉండొచ్చు.