ఎపిసోడ్ 23: పెరట్లో షెడ్డు, కింద నల్లరేగడి

శీను: ఆ, రికార్డ్ అవుతోంది వదినా. అందరికీ నమస్తే. ఈరోజు పెరట్లో పనిముట్ల షెడ్డుకి పునాది, ముగ్గు పోసే దగ్గర్నుంచి రేకు ఎక్కేదాకా వరసగా చెప్పేసుకుందాం.

సుధ: ముందు నీళ్లు ఎటు పోతాయో చూసుకోవాలి.

శీను: వస్తా, అక్కడికే వస్తా. ముందు కొలత. 8 అడుగులకి 10 అనుకోండి, నాలుగు మూలలా కొయ్యలు కొట్టి దారం కట్టండి. మూల దగ్గర ఒక దారం మీద 3 అడుగులు, రెండోదాని మీద 4 గుర్తు పెడితే ఐమూలగా సరిగ్గా 5 రావాలి, రాలేదంటే మూల తిరిగినట్టే.

సుధ: నీళ్లు నింపిన లెవెల్ ట్యూబు కూడా పట్టాలి. మా పెరడు చూట్టానికి చదునే, ట్యూబు పడితే ఈ చివరికీ ఆ చివరికీ నాలుగంగుళాలు తేడా.

శీను: సరే, తర్వాత పైమట్టి తీసేసి ఓ అడుగు తవ్వి ఇసుక పోసి నీళ్లు కొట్టి...

సుధ: ఇసుకా? నల్లరేగట్లోనా?

శీను: అందరూ అదేగా పోసేది.

సుధ: అందరూ పోస్తున్నారనే చెప్తున్నా. చుట్టూ రేగడి, తడిసిందంటే నీళ్లు కిందికి దిగనివ్వదు, మధ్యలో నువ్వు గుంట తీసి ఇసుక నింపావు, వానొస్తే నీళ్లన్నీ అందులోకి చేరి తొట్లో నిలబడ్డట్టు నిలబడతాయి, కింద మన్ను ఆ నీళ్లు తాగుతా ఉబ్బుతానే ఉంటది. మళ్లీ ఏప్రిల్‌కి ఎండి నెర్రెలు, చెయ్యి పెడితే మోచెయ్యి దాకా పోద్ది.

శీను: ఉబ్బిన మన్ను ఇసుకలో సర్దుకుంటది, పైన ఫ్లోర్ కదలదు అంటారు కదా?

సుధ: అంటారు. ఐఐటీ బాంబేలో ఆర్.కె. కట్టి గారు ఈ నల్లరేగడి మీదే ఏళ్ల తరబడి పని చేశారు. బంక ఉండి కూడా ఉబ్బని మన్ను ఉంటది చూడు, దాన్ని పొరగా వేసి గట్టిగా కుదిస్తే కింద రేగడి ఉబ్బు తగ్గుద్దని తేల్చారు. కాలవల లైనింగ్ కింద వేసే పద్ధతి అది. మనకి దొరికేవాటిల్లో దానికి దగ్గరగా ఉండేది బంక కలిసిన ఎర్ర మొరం. రెండడుగులు తవ్వు, గోడ బయటికి ఇంకో అడుగున్నర ఎక్కువ తవ్వు, ఆరేసి అంగుళాల పొరలుగా మొరం పోసి తడిపి దిమ్మిసతో కొట్టు.

శీను: నేనుండే చోట రెండడుగుల్లో రాయి తగుల్తది వదినా, ఈ గొడవే లేదు.

సుధ: నర్సరావుపేటకి ఆ రాయి తెచ్చి పెట్టు మరి.

శీను: పోనీ రూర్కీలో భవన నిర్మాణ పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ వాళ్లు తెచ్చిన పైల్స్, అదే భూమిలోకి దింపే కాంక్రీట్ స్తంభాలు? అడుగున ఉల్లిగడ్డలా లావుగా ఉంటాయి, రేగడికే చేసినవి.

సుధ: ఇంటికైతే వేయించు, తప్పకుండా. అవి 3.5 మీటర్లన్నా దిగాలి. గడ్డపార, పార, రెండు వేపపిండి బస్తాలు పెట్టుకునే గదికి అంత లోతెందుకు? దీనికి కావాల్సింది మన్ను తడి ఏడాదంతా ఒకేలా ఉండటం. అందుకే ఎప్పుడూ అడుగుతా, నీళ్లు ఎటు పోతాయి అని.

శీను: మొరం ట్రాక్టర్లు ఎన్ని పడతాయో లెక్క వేశావా? ఇసుక అయితే...

సుధ: శీనూ, మామయ్య మోటారు షెడ్డు గుర్తుందా?

శీను: ...ఉంది.

సుధ: మే నెల్లో నెర్రెల మీదే ఇసుక పోసి కాంక్రీట్ బెడ్ వేశారు. రేకు నీళ్లన్నీ గోడ మొదట్లోనే పడేవి. దసరాకి ఆ పక్క లేచింది, తలుపు బిగుసుకుపోయింది. మేస్త్రి ఏమో సిమెంటు మంచిది కాదన్నాడు. మామయ్య రోజూ గడ్డపారతో ఎత్తి తీసుకునేవారు ఆ తలుపు.

శీను: నాకు చెప్పలేదు నాన్న. ఫోన్ చేస్తే మోటారు బాగానే ఆడుతోందనేవాడు. తీసేసి మళ్లీ కడదామన్నాడు ఒకసారి, సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దాంలే అన్నా నేను.

సుధ: ఊఁ.

శీను: సరే. మొరం. ఒప్పుకున్నా. మిగతాది గబగబా చెప్పేస్తా, బెడ్ కాంక్రీట్‌కి సిమెంటు, ఇసుక, కంకర 1:4:8, కంకర 40 ఎంఎం, మందం నాలుగంగుళాలు, వారం రోజులు తడపాలి, ఎండలైతే పది...

సుధ: పది. పైన గోనెపట్టాలు. చుట్టూ మూడడుగులు మాచర్ల నాపరాళ్లు, బయటికి వాటంగా పరుచుకోవాలి, సందులు పూడ్చాలి. రేకు చివర గట్టర్ పెట్టి పైపు దూరంగా తీసుకెళ్లాలి, లేకపోతే ఆ నీళ్లన్నీ మళ్లీ...

శీను: మళ్లీ అక్కడికే వచ్చావు. ఒకాయన సున్నం గురించి అడిగారు, పిడుగురాళ్ల పక్కనే ఉండి వాడకపోతే ఎలా అని.

సుధ: మంచి ప్రశ్న. రేగట్లో సున్నం కలిపితే ఉబ్బు బాగా తగ్గుద్ది, రోడ్ల కింద చేస్తారు. కాకపోతే గడ్డలన్నీ పొడి చేసి సమంగా కలపాలి, పైపైన చల్లితే లాభం లేదు, పారతో అంత మన్ను కలపటం... ఆగాగు, హారన్. మొరం ట్రాక్టర్ వచ్చేసింది.

శీను: ఇప్పుడా? ఈశాన్యం సంగతి చెప్పనే లేదు మనం.

సుధ: బాబూ, అటు కాదు! జామచెట్టు ఉంది అటు! శీనూ, ఫోన్ అరుగు మీద పెడుతున్నా...

శీను: వదినా, మైక్ ఆన్‌లోనే ఉంది. వదినా?