సుబ్బారావు గారికి ఎన్ని మార్కులు వేస్తాం?

సభకు నమస్కారం. అధ్యక్షుల వారు నన్ను గురించి చెప్పిన మాటల్లో సగం వారి మంచితనమే కాబట్టి వాటి జోలికి పోకుండా విషయానికి వస్తాను. చెన్నై తెలుగువారు యువ శాస్త్రవేత్తలకు పురస్కారం ఇవ్వడం సంతోషం. అయితే దరఖాస్తులో ఒక గడి ఉంది: ‘ప్రచురణలు, సైటేషన్లు, హెచ్-ఇండెక్స్’. నేను మాట్లాడదలచుకున్నది ఆ గడి గురించే.

సైటేషన్ అంటే ఒకరి వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసంలో ఉదహరించడం. హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క. ఇరవై వ్యాసాలకు ఒక్కొక్కదానికి కనీసం ఇరవై సైటేషన్లు ఉంటే ఇండెక్స్ ఇరవై అవుతుంది. జీవితమంతా మూడే వ్యాసాలు రాసిన వ్యక్తిని ఒక్కొక్క వ్యాసానికి పదివేల మంది ఉదహరించినా ఆయనకు దక్కేది మూడు. జీవశాస్త్రాల్లో ఈ సంఖ్య భౌతికశాస్త్రంలోకంటే ఎక్కువగా ఉంటుందని హిర్ష్ ఆ వ్యాసంలోనే రాశారు. ఎందుకో ఆ వాక్యం కమిటీల దాకా చేరలేదు.

ఇప్పుడు జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఆ గడిలో కూర్చోబెట్టండి. 1895లో భీమవరంలో పుట్టి, ట్రిప్లికేన్ హిందూ హైస్కూలులో చదివి, ఇక్కడే సెంట్రల్ స్టేషన్ ఎదుటి వైద్య కళాశాలలో చేరి, ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ రాక ఎల్‌ఎంఎస్ అనే తక్కువ స్థాయి వైద్య పట్టాతో బయటపడిన మనిషి ఆయన. (ఆ కథ చెప్పడం మొదలుపెడితే నాకు ఇచ్చిన సమయం చాలదు.) 1925లో అమెరికాలో హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి భాస్వరం కొలిచే పద్ధతిని ప్రచురించారు. నేను పాఠం చెప్పిన ప్రయోగశాలలో విద్యార్థులు మాలిబ్డేట్ పోసి, క్షయకరణి చుక్కలు వేసి, పరీక్షనాళికలో నీలం తేలేదాకా గడియారం చూస్తూ నిలబడేవారు. కండరసారంలో ఆ నీలం ఆలస్యంగా తేలడాన్ని గమనించడం వల్లనే 1927లో ఫాస్ఫోక్రియేటిన్ అనే, కండరాల్లో శక్తిని నిలవచేసే పదార్థం బయటపడింది. మా పిల్లలు రికార్డులో ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ అని శీర్షిక పెట్టేవారే తప్ప మూల వ్యాసాన్ని ఎవరూ పేర్కొనేవారు కాదు. పేరు వాడుకలో కలిసిపోయిన కొద్దీ సైటేషన్ మాయమవుతుంది.

ఆయన అక్కడితో ఆగలేదు. 1940లో లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలో చేరాక విటమిన్లు, కేన్సర్ మందులు, యాంటీబయాటిక్‌లు, బోదకాలు మాత్రలు అన్నీ ఆయన పర్యవేక్షణలో నడిచాయి. 1946 నాటి ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ వ్యాసంలో ఆయన పేరు పొడుగాటి జాబితాలో ఒకటి. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల లుకేమియా (రక్తకేన్సర్) తాత్కాలికంగా తగ్గిందని 1948లో ఫార్బర్ అనే వైద్యుడు ప్రకటించిన వ్యాసానికి రచయితల్లో సుబ్బారావు లేరు. అదే ఏడాది ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీది వ్యాసం ఆ సంస్థలోనే పనిచేసిన డగ్గర్ ఒక్కరి పేరున వచ్చింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. ఇన్ని రంగాల కృషికి మన గడి ఎన్ని మార్కులు వేస్తుంది?

ఇది నాకూ తగిలిన దెబ్బే కాబట్టి గొంతు కాస్త పెరిగితే మన్నించండి. నా వ్యాసాల్లో సగం జీవరసాయనంలో, సగం నేలల రసాయనంలో ఉన్నాయి. పదోన్నతి ఇంటర్వ్యూలో ఒక నిపుణుడు కాగితాలు తిరగేసి, “ఇంతకీ మీరు ఏ రంగం మనిషండీ?” అన్నారు. జీవరసాయనం వారి కొలతతో తూచి నేలల వ్యాసాలకు సైటేషన్లు తక్కువన్నారు. నేలల మీద రాసేవారే తక్కువైతే ఉదహరించేవారు ఎక్కడినుంచి వస్తారు? అదే ఏడాది, అదే రంగంలో వచ్చిన వ్యాసాల సగటుతో పోల్చి చూడాలన్నది లెక్కలు తెలిసినవారు ఏనాటినుంచో చెబుతున్న మాట. గణితంలో సగటు నాలుగు ఉన్నచోట పన్నెండు తెచ్చుకున్న వ్యాసం, వైద్యంలో సగటు అరవై ఉన్నచోట అరవై తెచ్చుకున్నదానికంటే మూడింతలు మేలు. ఇంతమాత్రం భాగహారం రాని కమిటీ ఉంటుందా?

ముందు వరుసలో కూర్చున్న పరిశోధక విద్యార్థులారా, మీ థీసిస్‌లో ఎవరి పద్ధతి వాడినా, అది ఎంత పాతదైనా, మూల వ్యాసాన్ని వెతికి పేర్కొనండి. మన ఇంటిపేరు ముందుంటుంది, డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరుగా పట్టుకుంటాయి. అందుకని మొదటి వ్యాసం నుంచీ పేరు ఒకే తీరున రాయండి, లేకపోతే ఒక్క మనిషి ముగ్గురిగా చీలిపోతాడు.

కార్యదర్శి గారికి నా విన్నపం ఒకటే. వచ్చే ఏడాది ఆ గడి తీసేసి, అభ్యర్థి తన కృషిలో మూడింటిని ఎంచుకుని అవి ఎవరికి, ఎలా ఉపయోగపడ్డాయో ఒక పుటలో రాయమని అడగండి. సంఖ్యలు ఇచ్చినా రంగం సగటు పక్కనే ఉండాలి. ముసాయిదా రాసి తెచ్చాను, ఇదిగో, వేదిక దిగేలోపే మీ చేతికిస్తున్నాను.