వేలిముద్ర పడకపోతే మనిషి లేనట్టేనా?

(పలాసలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అక్కలకు, అన్నలకు నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడిపోయిన పిల్లలూ, లోపల కుర్చీలున్నాయి, వచ్చి కూర్చోండి. మీతో కూడా పనుంది.

ఈరోజు డిసెంబర్ 17. 1982లో ఇదే రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, హక్కు అని. కార్యదర్శి గారు దాని గురించి వివరంగా చెప్పారు కాబట్టి నేను మళ్ళీ చెప్పను. ఆ హక్కు మన చేతికి అందేటప్పుడు మధ్యలో ఏం అడ్డం పడుతోందో, అది చెబుతాను.

నేను పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్దానం ఊళ్ళలో సైకిల్ మీద తిరిగి మనియార్డర్లు ఇచ్చాను. కలకత్తా నుంచి, అండమాన్ నుంచి కొడుకులు పంపే డబ్బు. చదువురాని తల్లులు వేలిముద్ర వేసేవారు, పక్కింటివాళ్ళు ఎవరో ఒకరు సాక్షి సంతకం పెట్టేవారు. ఆ ముద్ర చాలాసార్లు అలికేసినట్టు పడేది. అయినా డబ్బు ఇచ్చేవాణ్ణి. ఎందుకంటే ఆ ముద్రలో గీతలు నేనెప్పుడూ చూడలేదు, చూసినా నాకు తెలియదు. నాకు తెలిసింది ఆ మనిషి. ముద్ర కాగితం కోసం. గుర్తుపట్టడం మాత్రం మనుషులమే చేసేవాళ్ళం.

ఇప్పుడు మా అప్ప సంగతి వినండి, అప్ప అంటే మా అక్క. మా బావ రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆయన పోయాక అప్పకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఏటా నవంబరులో బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. అప్ప చిన్నతనం నుంచీ ఇక్కడే జీడిపిక్కలు కొట్టింది. పిక్క తొక్కలో ఉండే నూనె తగిలితే చర్మం కాలి పొరలు పొరలుగా ఊడుతుంది. ఎంత బూడిద రాసుకున్నా అంతే. ఈ హాల్లో ఉన్న ఆడవాళ్ళకి నేను చెప్పాలా, మీ చేతులు మీరే చూసుకోండి. అప్ప బొటనవేలు వెలుగులో పెట్టి చూస్తే గాజుముక్కలా నున్నగా ఉంటుంది. ఒక్క గీత కనబడదు.

లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆ వేలు వేలిముద్ర మిషన్ మీద పెట్టింది. ఎర్రలైటు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎర్రలైటు. ఒకరు తడి చెయ్యమంటారు, ఒకరు గట్టిగా నొక్కమంటారు. వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటున్నారు. పది వేళ్ళూ అయ్యాక కౌంటర్లో అబ్బాయి, “మ్యాచ్ అవ్వట్లేదమ్మా, రేపు రండి” అన్నాడు. రేపటికి వేళ్ళు మొలుస్తాయా? అప్ప ఇంటికొచ్చి నాతో ఏమందో తెలుసా, “ఏట్రా తమ్ముడూ, నా యేళ్ళు నాయి కావంటన్నాడు.”

చెప్పండి, నేనేం జవాబు చెప్పాలి? ఆ చేతుల్తో పనిచేసి ముగ్గురు పిల్లల్ని పెంచింది. అరిగిపోయిన ఆ చేతుల్నే మిషన్ కాదంటోంది. నాకు ఇంకా బాధ ఏంటంటే, అప్పకి కోపం రాలేదు. సిగ్గు పడింది. మళ్ళీ వెళ్దామంటే “పోన్లేరా, అంతమందిలో ఎందుకు” అంది. మన వయసు వాళ్ళు ఇలాగే ఊరుకుంటారు. ఎవరితోనూ పోట్లాడరు, మెల్లగా మానేస్తారు.

దారులు లేవా అంటే, ఉన్నాయి! ఆధార్‌తో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది, 2021 నవంబరు నుంచి మొహం చూపించి కూడా చెయ్యొచ్చు. పోస్ట్‌మన్‌ని ఇంటికి పిలిస్తే 70 రూపాయలకి చేసిపెడతాడు. డెబ్భై దాటినవాళ్ళకి బ్యాంకు ఇంటి దగ్గరే సేవలివ్వాలని, అందులో లైఫ్ సర్టిఫికెట్ కూడా ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది. కాగితం మీద ఇచ్చినా చెల్లుతుంది. ఇందులో ఒక్క ముక్క కౌంటర్ దగ్గర ఎవరైనా చెప్పారా అప్పకి? చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

చివరికి మా మనవడు చేశాడు. అరుగు మీద, ఎండ మొహాన పడకుండా గోడకి ఆనించి కూర్చోబెట్టి ఫోన్ పట్టుకున్నాడు. కళ్ళు ఆర్పమంటుంది అందులో. అప్ప ఎక్కడ తప్పొస్తుందోనని కళ్ళు ఇంతింత చేసుకుని బిగబట్టి కూర్చుంది. వాడు “మామ్మా, కళ్ళార్పు, భయం లేదు, నేనున్నాను” అన్నాడు. ఆర్పింది. అయిపోయింది. ఆ “నేనున్నాను” అనే మాట యాప్‌లో రాదు బాబూ.

ఫోన్లు వద్దని నేననను. అండమాన్‌లో ఉన్న కొడుకు రోజూ వీడియో కాల్‌లో కనబడుతుంటే ఆ తల్లికి అంతకంటే ఏం కావాలి? కానీ ఒక్క దారే ఉంచి మిగతావి మూసెయ్యొద్దు అంటున్నాను. 2018 అక్టోబరు 11 గుర్తుందా? తిత్లీ తుఫాను. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు లేదు, టవర్లు లేవు, ఎవరి ఫోనూ మోగలేదు. ఏ ఊళ్ళో ఎవరు ఎలా ఉన్నారో పడిన చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్ళి చూసుకున్నాం. మళ్ళీ అలాంటి రోజు వస్తే మిషన్ ఏం చేస్తుంది?

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు, ముగిస్తాను. ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. లైఫ్ సర్టిఫికెట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి అని ఫోన్ వస్తే చెప్పొద్దు. పోలీసులం, డిజిటల్ అరెస్టు చేశాం అని వీడియోలో బెదిరిస్తే భయపడొద్దు, అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. సిగ్గుపడాల్సింది దొంగ. మీరు కాదు.

కార్యదర్శి గారూ, తీర్మానంలో ఇది రాయండి. వేలిముద్ర పడని ఏ ముసలివాళ్ళనీ రేపు రమ్మని పంపకూడదు, అదే రోజు, అక్కడే ఇంకో దారిలో పని పూర్తిచెయ్యాలి. ఆ దారులేంటో కౌంటర్ దగ్గర తెలుగులో, పెద్ద అక్షరాలతో గోడకి అంటించాలి. బ్యాంకులకీ, తహసీల్దారు గారికీ, కలెక్టరు గారికీ పంపండి.

గుమ్మం దగ్గర పిల్లలూ, సభ అయ్యాక మీరు వెళ్ళిపోకండి. ఆ కిటికీ పక్క బల్ల దగ్గర నేనూ, మా మనవడూ కూర్చుంటాం. వేళ్ళు పడనివాళ్ళు ఆధార్, పెన్షన్ పుస్తకం పట్టుకుని అక్కడికి రండి. నమస్కారం.