వెనక నుంచి వచ్చే గాలి
(ఒక శిక్షణ ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, శిక్షణ పూర్తి చేసుకున్న టెక్నీషియన్లకు, సైట్ ఇంజనీర్లకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను ఎయిర్ కండిషనింగ్ రంగం భవిష్యత్తు మీద మాట్లాడమన్నారు. దాని గురించి నా తరవాత మాట్లాడేవారు నాకన్నా బాగా చెబుతారు. ఫ్యాన్ కాయిల్ యూనిట్ అంటే చల్లటి నీళ్లు పారే కాయిల్ మీదుగా గాలిని గదిలోకి తోసే పెట్టె. నాకిచ్చిన సమయం మొత్తం దాని వెనక వైపుకే వాడుకుంటాను. వెనక వైపంటే రిటర్న్, గది గాలి తిరిగి యూనిట్‌లోకి వచ్చే దారి. చాలాకాలంగా చెప్పాలనుకుంటున్నాను, ఇవాళ మైకు చేతికొచ్చింది.

ఏ డ్రాయింగ్ అయినా తీసి చూడండి. చల్లగాలిని గదికి తీసుకెళ్లే సప్లై డక్ట్‌కి అడుగడుగునా సైజు వేసి ఉంటుంది. ప్రతి గ్రిల్ పక్కన సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలో రాసి ఉంటుంది. రిటర్న్ దగ్గరికొచ్చేసరికి ఒక చుక్కల గీత, పక్కన ఆర్.ఏ. (రిటర్న్ ఎయిర్) అని రెండక్షరాలు. అంతే. సైజు లేదు, దారి లేదు. సైట్‌లో కేబుల్ ట్రేలు, స్ప్రింక్లర్ పైపులు, డ్రెయిన్ పైపులు అన్నీ వేశాక ఫాల్స్ సీలింగ్ పైన ఏ సందు మిగిలితే అదే రిటర్న్ అవుతుంది. వెనక నుంచి ఎంత గాలి లోపలికి వెళ్తే ముందు నుంచి అంతే బయటికొస్తుంది. ముక్కు మూసి పరుగెత్తమంటే మనిషి ఎంతసేపు పరుగెత్తుతాడు? యూనిట్‌ని మనం రోజూ అలాగే పరుగెత్తిస్తున్నాం.

కొంచెం లెక్క చూద్దాం, విసుక్కోకండి. రెండు టన్నుల యూనిట్ అనుకోండి. టన్నుకి 400 చొప్పున 800 సీఎఫ్‌ఎం కావాలి. కేటలాగ్‌లో ఎక్స్‌టర్నల్ స్టాటిక్, అంటే యూనిట్ బయటి అడ్డుల్ని దాటించడానికి ఫ్యాన్ ఇవ్వగల ఒత్తిడి, 30 పాస్కల్స్ అని ఉంటుంది. 30 పాస్కల్స్ అంటే మూడు మిల్లీమీటర్ల నీటి మట్టం. అంతే బలం. సప్లై డక్ట్, సప్లై గ్రిల్, రిటర్న్ గ్రిల్, రిటర్న్ డక్ట్ అన్నీ ఆ మూడు మిల్లీమీటర్లలోనే సర్దుకోవాలి. ఫిల్టర్ నష్టం అందులో కలిపారో లేదో కూడా కేటలాగ్‌లో చూసుకోవాలి.

ఇప్పుడు రిటర్న్‌కి పది అంగుళాల ఫ్లెక్సిబుల్ డక్ట్ వేశామనుకోండి. 800 సీఎఫ్‌ఎం అందులోంచి వెళ్లాలంటే గాలి సెకనుకి సుమారు 7.5 మీటర్ల వేగంతో పోవాలి. ఆ వేగానికి వెలాసిటీ ప్రెషరే, అంటే వేగం వల్ల గాలికుండే ఒత్తిడే, 33 పాస్కల్స్ దాకా ఉంటుంది. గాలిని తిప్పే రేకులు (వేన్లు) లేని చదరపు మూల బెండ్ ఒక్కటుంటే, పోయేది ఆ 33 కన్నా ఎక్కువే. యూనిట్‌కున్న మొత్తం బలం ఒక్క మలుపులోనే అయిపోయింది! అప్పుడు 800 ఎక్కడ వస్తుంది? ఫ్యాన్ బలం, డక్ట్ అడ్డు ఎక్కడ సరితూగితే అక్కడికి గాలి తగ్గి ఆగుతుంది. అదే పద్నాలుగు అంగుళాల డక్ట్ వేస్తే వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది, నష్టం నాలుగో వంతుకి దిగుతుంది. నష్టం వేగం వర్గాన్ని బట్టి నడుస్తుంది. ఈ ఒక్కటీ రాసుకోండి. మిగతాది మర్చిపోయినా పర్వాలేదు.

గ్రిల్ సంగతీ ఇంతే. రెండడుగులు బై ఒక అడుగు రిటర్న్ గ్రిల్ చూడ్డానికి పెద్దదే. బ్లేడ్లు పోగా గాలికి దొరికేది మూడింట రెండు వంతులు. అందులోంచి 800 లాగితే నిమిషానికి 600 అడుగులు. ఈల వేస్తుంది. రెండడుగులు బై రెండడుగులది పెడితే 300కి వస్తుంది, గది ప్రశాంతంగా ఉంటుంది.

ఒక మీటింగ్ రూమ్ గురించి చెప్పాలి. అది చెప్పకుండా ఈ విషయం మీకు ఎక్కదు. ఒక పెద్ద ఆఫీసు భవనం, పేరు అక్కర్లేదు. మధ్యాహ్నం మూడు దాటితే ఆ రూమ్‌లో కూర్చోలేకపోతున్నామని కంప్లైంట్. అక్కడి మెయింటెనెన్స్ కుర్రాడు ఫిల్టర్ కడిగాడు. మళ్లీ కడిగాడు. కాయిల్‌కి కెమికల్ వాష్ చేయించారు. మోటార్ మార్చారు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ సెట్ పాయింట్ 7 డిగ్రీల నుంచి 6కి దించారు. ఒక్క రూమ్ కోసం భవనమంతటి నీళ్లూ ఇంకా చల్లబరచడమన్నమాట! ఇన్ని చేసినా రూమ్ చల్లబడలేదు. ఆ కుర్రాడికి మాత్రం పని సరిగా చేయడం లేదని మెమో ఇచ్చారు.

నేను వెళ్లేసరికి అతను నిచ్చెన పక్కన నిలబడి ఉన్నాడు. "సార్, గ్రిల్ దగ్గర 11 డిగ్రీలొస్తోంది, ఇంతకన్నా చల్లగా ఎలా ఇవ్వను?" అన్నాడు. అతని మాట నిజమే. గాలి తగ్గితే కాయిల్ మీద నెమ్మదిగా వెళ్తుంది, ఇంకా చల్లగా బయటికొస్తుంది. థర్మామీటర్ పెట్టినవాడికి అంతా భేషుగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. గ్రిల్‌కి చెమట కూడా పడుతుంది. గదికి కావాల్సింది చల్లటి గాలి ఒక్కటే కాదు, తగినంత గాలి కూడా.

రికార్డులో ఇంకో మాట రాసి ఉంది: మోటార్ ఆంప్స్ నేమ్‌ప్లేట్ కన్నా తక్కువ, మోటార్ ఓకే. ఇక్కడ ఆగండి. మన యూనిట్లలో ఉండేది ఎక్కువగా ఫార్వర్డ్ కర్వ్‌డ్ బ్లోయర్, అంటే రెక్కలు తిరిగే దిక్కుకి వంగి ఉండే ఫ్యాన్. అది ఎంత గాలి తోస్తే అంత కరెంటు లాగుతుంది. దారి మూస్తే కరెంటు తగ్గుతుంది. అంటే ఆంప్స్ తక్కువ ఉన్నాయన్నది మోటార్‌కి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు, గాలి వెళ్లడం లేదన్న ఫిర్యాదు. ఇన్నాళ్లూ అదే కాగితం మీద ఉంది, ఎవరూ చదవలేదు.

"తమ్ముడూ, యూనిట్ వెనక రిటర్న్ బాక్సు మూత విప్పు" అన్నాను. నాలుగు స్క్రూలు. మూడోది ఊడగానే మూత లోపలికి పీల్చుకుపోయి వణకడం మొదలెట్టింది. నాలుగోది తీసి మూత బలంగా లాగాడు. బ్లోయర్ శబ్దం మారిపోయింది. అప్పటిదాకా సన్నగా కీచుమన్నది కాస్తా బరువుగా హోరుమంది. కింద టేబుల్ మీదున్న కాగితాలు లేచాయి. క్లాంప్ మీటర్‌లో ఆంప్స్ పెరిగాయి. "మోటార్ కాలిపోతుందేమో సార్" అని కంగారుపడ్డాడు. కాలదు బాబూ, ఇప్పుడే అది పని చేస్తోంది అన్నాను.

టార్చి వేసి చూస్తే సంగతి తెలిసింది. బాక్సు అడుగున ఉండాల్సిన రిటర్న్‌ని కేబుల్ ట్రే అడ్డొచ్చిందని పక్కకి తిప్పారు. అక్కణ్నుంచి పది అంగుళాల ఫ్లెక్సిబుల్ డక్ట్, రెండు మలుపులు. మధ్యలో స్ప్రింక్లర్ పైపు మీదుగా ఎక్కించారు. పైపు మీద అది చపాతీలా నొక్కుకుపోయి ఉంది. ఎవరి తప్పు? ట్రే వేసినవాడు తన పని చేశాడు. పైపు వేసినవాడూ చేశాడు. రిటర్న్‌కి సైజు రాయనివాణ్ని మాత్రం ఎవరూ అడగలేదు, మెమో కుర్రాడికి వెళ్లింది. ఇప్పటికీ నాకు కోపం వచ్చేది అందుకే. ట్రేని కొంచెం జరిపించి బాక్సు అడుగున రేకు కత్తిరించి పెద్ద గ్రిల్ పెట్టాం. రూమ్ చల్లబడింది, చిల్లర్‌ని మళ్లీ 7కి తెచ్చారు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. గాలి తక్కువైతే గది చల్లబడదు, థర్మోస్టాట్ వాల్వ్‌ని పూర్తిగా తెరిచే ఉంచుతుంది. నీళ్లు 7తో వచ్చి 12తో వెళ్లాల్సింది పోయి, వేడి దొరక్క తొమ్మిదికో పదికో తిరిగి వెళ్లిపోతాయి. పంపు నీళ్లని ఊరికే తిప్పుతుంది. ఇలాంటి యూనిట్లు భవనంలో చాలా ఉంటే, లోడ్ లేకపోయినా ఇంకో చిల్లర్ ఆన్ చేయాల్సి వస్తుంది.

మలుపు ఎంత ముఖ్యమో, అది ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం. యూనిట్ నోటికి ఆనించి బెండ్ పెడితే గాలంతా ఒక పక్కకి ఒరిగి వెళ్తుంది. రెండు బ్లోయర్లున్న యూనిట్‌లో ఒకదానికి దండిగా అందుతుంది, రెండోది ఖాళీగా తిరుగుతుంది. కాయిల్ సగమే పని చేస్తుంది. కేటలాగ్ అంకెలు ఇలాంటి అడ్డంకుల్లేని పరీక్షల్లో వచ్చినవి. ఫ్యాన్ల ప్రమాణాలు చూసే ఆమ్కా సంస్థ తన 201వ ప్రచురణలో దీన్నే సిస్టమ్ ఎఫెక్ట్ అని వివరించింది. బ్లోయర్ నోటికీ బాక్సు గోడకీ మధ్య చక్రం వ్యాసమంత జాగా వదలండి, బెండ్‌కీ యూనిట్‌కీ మధ్య కాస్త తిన్నని డక్ట్ ఉంచండి.

డక్ట్ ఎందుకు, సీలింగ్ పైనంతా ఓపెన్‌గా వదిలేస్తే సరిపోదా అంటారు. అడ్డు తగ్గుతుంది, నిజమే. కానీ పైకప్పు వేడి, లైట్ల వేడి, పక్క గది గాలి, దుమ్ము అన్నీ కలిసి వస్తాయి. గోడలు పై స్లాబు దాకా ఉంటే ఆ గది గాలి యూనిట్‌కి చేరనే చేరదు. గదిలో సప్లై ఉండి రిటర్న్ కారిడార్‌లో ఉంటే, తలుపు వేయగానే గాలి ఆగిపోతుంది. తలుపులోనో గోడలోనో గాలి దాటే ట్రాన్స్‌ఫర్ గ్రిల్ అయినా పెట్టాలి. సప్లై పక్కనే రిటర్న్ పెడితే చల్లగాలి గదిలోకి దిగకుండానే వెనక్కి పోతుంది, సెన్సర్ రిటర్న్‌లో ఉంటే గది చల్లబడిందని నమ్మి వాల్వ్ మూసేస్తుంది.

వేగాన్ని ఎలక్ట్రానిక్‌గా మార్చుకునే కొత్త ఈసీ మోటార్లతో ఇంకో చిక్కుంది. గాలి తగ్గకుండా చూసే సెట్టింగ్‌లో పెడితే అది తనే స్పీడు పెంచుకుంటుంది. తప్పు కనబడదు, శబ్దం, కరెంటు బిల్లు పెరుగుతాయి.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీలో చాలామంది వచ్చే నెల సైట్లకి వెళ్తారు. హ్యాండోవర్ షీట్‌లో సప్లై సీఎఫ్‌ఎం పక్కన ఇంకో గడి మీరే గీయండి: రిటర్న్ బాక్సులో స్టాటిక్ ఎంత అని. ఫిల్టర్‌కి ముందొకటి, వెనకొకటి, రెండు రీడింగులు. ఆ గడి నిండకుండా సంతకం పెట్టకండి. ఇంజనీర్లూ, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆ చుక్కల గీత మీద సైజు రాయండి. ట్రేలు, పైపులు వేసేవాళ్లతో కూర్చునే కోఆర్డినేషన్ మీటింగ్‌లోనే ఆ జాగా అడిగి తీసుకోండి, తరవాత అడిగితే ఇవ్వరు.

హాలు వెనక టేబుల్ మీద ఒక యూనిట్, ఒత్తిడి కొలిచే మానోమీటర్, రెండు సైజుల ఫ్లెక్సిబుల్ డక్ట్ పెట్టించాను. టీ తాగాక అక్కడికి రండి. ముందు పది అంగుళాలది బిగిస్తాను, రీడింగ్ మీరే చదవాలి.