కోనన్ ఒకే ఒక్క నవల: సోర్డ్ అండ్ సోర్సరీకి ఎన్ని పేజీలు చాలు?

అందరికీ నమస్కారం అండీ. ఇవాళ్టి పుస్తకం 'ది అవర్ ఆఫ్ ది డ్రాగన్'. రాసింది రాబర్ట్ ఇ. హోవర్డ్, కోనన్ అనే యోధుడి పాత్రని పుట్టించిన ఆయన. కత్తి పట్టిన వీరుడు, ఎదురుగా మాంత్రికుడు, మధ్యలో పాడుబడ్డ కోటలు, నేలమాళిగలు. దీన్నే సోర్డ్ అండ్ సోర్సరీ అంటారు. ఈ రకం నవల ఎంత పొడవుండాలి? చివరిదాకా ఊరించకుండా నా లెక్క ముందే చెప్పేస్తా. అరవై వేల పదాలు. డెబ్బై వేలైతే సర్దుకుంటా. లక్ష దాటిందా, అది వేరే రకం పుస్తకం.

ఫాంటసీ అంటే దిండంత ఉండాలని మనకి అలవాటైపోయింది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు భాగాలూ కలిపితే నాలుగు లక్షల డెబ్బై వేల పదాల పైమాటే. 'ది వే ఆఫ్ కింగ్స్' ఒక్కటే మూడున్నర లక్షలు దాటుతుంది. వాటికి ఆ పొడవు కావాలి. పాత్రలు పదుల్లో ఉంటాయి, రాజ్యాలు మారిపోతాయి, మొదట్లో పిరికిగా ఉన్నవాడు చివరికి ఇంకో మనిషి అవుతాడు. కోనన్ అలా కాదు. మొదటి పేజీలో ఎలా ఉన్నాడో ఆఖరి పేజీలోనూ అంతే. మారని మనిషితో ఎంతసేపని నడుస్తాం?

ఈ నవల పుట్టిన తీరు కూడా చెప్పాలి. కోనన్ మొదట కనిపించింది 1932 డిసెంబరు 'వియర్డ్ టేల్స్' పత్రికలో. తర్వాత వరసగా కథలే. హోవర్డ్ వాటిని సంపుటంగా వేయించాలని ఇంగ్లండ్‌లో ఒక ప్రచురణకర్తకు పంపితే, కథల పుస్తకాలు ఇక్కడ నడవవు, నవల ఉంటే చూద్దాం అన్నారు. అందుకని 1934లో కూర్చుని ఇది రాశాడు. తీరా ఆ సంస్థే మూతపడింది. చివరికి 1935 డిసెంబరు నుంచి 1936 ఏప్రిల్ దాకా అదే పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ జూన్‌లోనే ఆయన పోయాడు, ముప్పై ఏళ్లకే. అంటే ఈ పొడవు కథ అడిగింది కాదు, కొనేవాడు అడిగింది. చదువుతుంటే అది తెలిసిపోతుంది.

మొదలు మాత్రం అదిరిపోతుంది. మూడు వేల ఏళ్ల కింద చచ్చిన జాల్టోటన్ అనే మాంత్రికుణ్ని నలుగురు కుట్రదారులు ఒక మణి పెట్టి లేపుతారు. యుద్ధానికి బయల్దేరాల్సిన తెల్లవారుజామున, రాజైన కోనన్ తన గుడారంలోనే కాలూ చెయ్యీ ఆడక కూలబడతాడు. సైన్యం ఓడుతుంది, ఆయన శత్రువు చెరలో పడతాడు. జెనోబియా అనే అంతఃపుర దాసి తాళాలూ బాకూ తెచ్చిస్తుంది. ఇరవై రెండు అధ్యాయాల్లో ఆరేడు గడిచేసరికి కోట దాటేస్తాడు. ఊపిరి తీసుకోనివ్వదు.

అక్కణ్నుంచి మణి కోసం వేట. ఒక ఊరు, ఒక ప్రమాదం, తప్పించుకోవడం, మళ్లీ ఇంకో ఊరు. ఇక్కడ నాకు కాస్త బోర్ కొట్టింది. పైగా మాయతో ఓడిపోయిన రాజు, చెర, తిరిగొచ్చి రాజ్యం గెలుచుకోవడం, ఈ చట్రం 1933లో అచ్చైన ఆయన 'ది స్కార్లెట్ సిటడెల్' కథలోదే. ఆ కథలో కొన్ని పేజీల్లో తేలిపోయింది.

కానీ మధ్యలో ఒక చోటు ఉంది. స్టిజియా అనే దేశంలో పిరమిడ్ లోపల కోనన్‌కి అకివాషా ఎదురవుతుంది. వేల ఏళ్లుగా చావు లేని రాకుమారి, అందగత్తె, రక్తం తాగే పిశాచి. ఒక్క అధ్యాయం. కోనన్ తోసేసి పారిపోతాడు, ఆమె మళ్లీ కనిపించదు. ఇప్పటి రచయితలైతే ఆమె చిన్నతనం, ప్రేమకథ, శాపం అంటూ ఒక సంపుటం లాగేవారు. ఇక్కడ అలా వదిలేయడం వల్లే ఆమె గుర్తుండిపోయింది.

ఇంకో పక్క ఇదే రకం కథలు రాసిన ఫ్రిట్జ్ లైబర్‌ని చూడండి. ఫాఫర్డ్, గ్రే మౌసర్ జంట మీద దశాబ్దాల పాటు కథలు రాసి, నవల మాత్రం ఒక్కటే రాశాడు, 1968లో. అదీ పాత కథని పెంచి రాసిందే. ఇద్దరు పెద్దలూ ఒక్కో నవలతో ఆపేశారంటే ఊరికే కాదు కదా. ఎల్రిక్ అనే ఇంకో కత్తివీరుణ్ని సృష్టించిన మైకేల్ మూర్కాక్ మరీ లెక్కగా చెప్పాడు: అరవై వేల పదాలు, నాలుగు భాగాలు, భాగానికి ఆరు అధ్యాయాలు. అంటే అధ్యాయానికి రెండున్నర వేలు. అందులో కథ ఒక మెట్టు ఎక్కి తీరాలి, వంశవృక్షాలు చెప్పుకునే తీరిక ఉండదు.

చందమామలో 'తోకచుక్క', 'మకరదేవత' చదివినవాళ్లకి ఈ వేగం కొత్తేం కాదు. నెలకి కొన్ని పేజీలే ఇస్తే దాసరి సుబ్రహ్మణ్యం గారు కూడా కొండ వర్ణన చేస్తూ కూర్చోలేదు.

అయితే ఈ పుస్తకం చదవొచ్చా? చదవండి, కాకపోతే మొదట 'ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్' కథ చదివి రండి. ఒక్క పూటలో అయిపోతుంది, నచ్చకపోతే నవల జోలికి పోనక్కర్లేదు. ఆ కాలపు జాతి వివక్ష, ఆడవాళ్లని చూసే తీరు అక్కడక్కడా చికాకు పెడతాయి, అది తెలిసి మొదలుపెట్టండి. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది, డబ్బులు పెట్టాల్సిన పని లేదు.