నాలుగు ఇండికేటర్లు: యాడ వెయ్యాల, యాడ ఆర్పాల

అన్నలకు, అక్కలకు, ట్యాక్సీ స్టాండ్ల నుంచి వచ్చిన డ్రైవర్లకు నమస్కారం.

డ్యాష్‌బోర్డు మధ్యలో ఎర్ర త్రికోణం బొమ్మతో ఒక బటన్ ఉంటుంది. నొక్కితే నాలుగు ఇండికేటర్లూ కలిసి కొట్టుకుంటాయి. చేతికి సులువుగా అందుతుంది కాబట్టేనేమో, ఇష్టమొచ్చినట్టు నొక్కేస్తుంటాం. హజార్డ్ లైట్లంటే అవే.

ముందు మన కర్నూలు రాజ్ విహార్ సెంటర్‌నే తీసుకుందాం. నేరుగా పోతున్నామని చెప్పడానికి నాలుగూ వేసుకొని దూరే కార్లు అక్కడ రోజూ కనపడతాయి. ఎదురుగా వచ్చేవానికి రెండు పక్కలా దీపాలు కనపడతాయి, సరే. ఎడమ రోడ్డులో నుంచి వచ్చే బైకువానికి మీ కారు ఎడమ పక్క దీపాలు తప్ప వేరేవి కనపడవు. అతని లెక్కలో మీరు ఎడమకు తిరుగుతున్నారు. "ఈ కారు మన రోడ్డులోకే వస్తాంది, మనకు అడ్డం రాదు" అనుకొని ముందుకు కదులుతాడు. కుడి పక్క నుంచి వచ్చే ఆటోవానికి కుడి దీపాలే కనపడతాయి, అతను మీరు కుడికి తిరుగుతారని ఆగుతాడు, లేదంటే మీ వెనకగా దూరాలని చూస్తాడు. ఒకే కారును ముగ్గురు మూడు రకాలుగా అర్థం చేసుకున్నారు. నేరుగా పోయేవానికి ఏ ఇండికేటరూ అక్కర్లేదు. వెయ్యకుండా ఉంటేనే నేరుగా పోతున్నట్టు. కడప ఏడు రోడ్ల కూడలిలో అయినా, అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో అయినా లెక్క ఇదే.

చిక్కంతా ఎక్కడుందంటే, హజార్డ్ లైట్లకు వేరే బల్బులు లేవు. ఇండికేటర్ బల్బులే అవి. నాలుగూ వేసినంతసేపు చానా కార్లలో స్టీరింగ్ పక్కనుండే ఇండికేటర్ లీవరు పైకి లేపినా కిందికి దించినా బయట ఏ తేడా కనపడదు. లేన్ మారతారో, డాబా ముందు ఎడమకు దిగుతారో వెనకవానికి చెప్పే దారి మీకు మీరే మూసేసుకున్నారు. అందుకే కదులుతున్న బండికి ఈ బటన్ పనికిరాదు. "నా బండి ఆగిపోయింది, దారికి అడ్డంగా ఉంది" అని చెప్పడానికి పెట్టిన బటన్ అది.

వానలో వేసుకుంటే మంచిదే కదా అని అడిగేవాళ్లు ఉంటారు. డోన్ దాటినాక ఎదురుగా ఏమీ కనపడని వాన పట్టుకుందనుకోండి. మీ ముందు బండికి నాలుగూ కొట్టుకుంటున్నాయి. అది ఆగి ఉందా, 50లో పోతోందా? తెలియదు. ఆగి ఉందనుకొని మీరు బ్రేకు తొక్కితే మీ వెనక లారీ మీ మీదికొస్తుంది. పోతోందనుకుంటే, నిజంగా ఆగి ఉన్న బండిని పోయి గుద్దుతారు. పైగా పసుపు దీపం పక్కనే కొట్టుకుంటుంటే బ్రేకు దీపం వెలిగిన సంగతి కంటికి ఆలస్యంగా ఆనుతుంది. వానలో, పొగమంచులో వెయ్యాల్సింది హెడ్‌లైటు, అది కూడా డిమ్‌లో. బ్రైట్ వేస్తే వెలుగు నీటి చుక్కల మీద పడి మన కంట్లోకే తిరిగొస్తుంది. ముందర పగటిపూట వాటంతట అవే వెలిగే సన్న దీపాలను నమ్ముకోవద్దు. చానా కార్లలో వాటితో వెనక ఎర్ర దీపాలు వెలగవు, స్విచ్ తిప్పితేనే వెలుగుతాయి. వెనక ఫాగ్ ల్యాంప్ ఉంటే వేసి, వాన తగ్గగానే ఆర్పండి. రోడ్డే కనపడనంత వాన అయితే పెట్రోలు బంకులోకో డాబా ఆవరణలోకో తిప్పి నిలబెట్టుకోవాల. రోడ్డు అంచు తెల్ల గీత మీద నిలబెట్టి నాలుగూ వేసుకొని కూర్చోవడం అన్నిటికంటే చేటు.

కదిలే బండికి ఒకటి రెండు మినహాయింపులు ఒప్పుకుంటాం. హైవే మీద 80లోనో 100లోనో పోతుంటే ముందర బండ్లన్నీ హఠాత్తుగా ఆగిపోయాయి. గొర్రెల మంద అడ్డం వచ్చి ఉండొచ్చు, ఉల్లిగడ్డల లారీ తిరగబడి ఉండొచ్చు. బ్రేకు తొక్కుతూనే బటన్ నొక్కండి. మీ వెనక ఒకటి రెండు బండ్లు వేగం తగ్గించి ఆగినాక ఆర్పేయండి. కొన్ని కొత్త కార్లలో గట్టిగా బ్రేకు పడితే దీపాలు వాటంతట అవే వేగంగా కొట్టుకుంటాయి. కడప-రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటులో లోడుతో పదిహేను ఇరవైలో ఎక్కే లారీ నాలుగూ వేసుకుంటే మేము తప్పు పట్టం, ఘాటు ఎక్కగానే ఆర్పితే చాలు. పెళ్లి కార్ల వరుసలకు, నాయకుల వెనక పోయే కాన్వాయ్‌లకు ఈ మినహాయింపు లేదు. మన జిల్లాల్లో ఈ మాట చెప్పడం కొంచెం కష్టమే, అయినా చెప్పక తప్పదు.

ఇప్పుడు అసలు పని. 44వ నంబరు జాతీయ రహదారిలో రాత్రిపూట బండి మొరాయించింది. ఇంజిన్ గుంజుడు తగ్గిందని తెలిసిన క్షణంలోనే, బండి ఇంకా దొర్లుతుండగానే బటన్ నొక్కండి. ఆ ఊపుతోనే ఎడమకు తెచ్చి తెల్ల గీత దాటించి, వీలైతే నాలుగు చక్రాలూ మట్టిలోకి దించండి. మలుపులో, కల్వర్టు మీద, మిట్ట దిగిన వెంటనే ఆపకూడదు. టైరు పంచరైనా సరే, రిమ్ పాడైతే పాడైందని ఇంకో రెండు వందల మీటర్లు మెల్లగా దొర్లించి మంచి చోటికి తేవడమే లాభం. హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగ్ ఎడమకు తిప్పి పెట్టండి. వెనక నుంచి ఏదైనా గుద్దితే కారు మళ్లీ రోడ్డు మీదికి పోకుండా మట్టి వైపు పోయే అవకాశం ఎక్కువ. తాళం తీసినా హజార్డ్ లైట్లు పనిచేస్తాయి, బ్యాటరీ నుంచి వాటికి నేరుగా కరెంటు వస్తుంది. వాటితో పాటు వెనక ఎర్ర దీపాలు కూడా వెలుగుతూ ఉండాల.

ఆ తర్వాత అందరూ ఎడమ తలుపుల నుంచే దిగాల. పిల్లలు నిద్రపోతున్నారని లోపలే ఉంచేవాళ్లు ఉన్నారు, అది వద్దు. ఇనుప కంచె ఉంటే దాని అవతల, లేకపోతే రోడ్డు నుంచి దూరంగా మట్టిలోకి పోయి నిలబడండి. కారు ముందర మాత్రం నిలబడొద్దు. వెనక నుంచి దెబ్బ తగిలితే ఆ కారే మీ మీదికొస్తుంది.

వెనక వచ్చే బండ్లను హెచ్చరించడానికి రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం డిక్కీలో ఉంటుంది, కొన్ని కార్లలో దాని కవరు కూడా చింపి ఉండరు. బండికి వెనక ఎంత దూరంలో పెట్టాలో లెక్క చూద్దాం. 80లో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, తేరుకొని, బ్రేకు మీద కాలు పెట్టేసరికి రెండు సెకన్లు, అంటే 44 మీటర్లు. ఆ తర్వాత పొడి రోడ్డు మీద కారు ఆగడానికి ఇంకో 40 మీటర్లు. లోడు లారీకి అంతకు మించి కావాల. అందుకే హైవేలో 100 మీటర్లకు తక్కువ పెట్టొద్దు. మామూలు మనిషి 130 అంగలు వేస్తే 100 మీటర్లు. ఆగింది మలుపు దాటినాక అయితే త్రికోణం మలుపుకు ముందే ఉండాల. పోయేటప్పుడు దాన్ని విప్పి ఛాతీ ముందు పట్టుకొని, వచ్చే బండ్లకు ఎదురుగా, గీతకు అవతల మట్టిలోనే నడవండి. లారీ దాటిపోయిన గాలికే అది పడిపోతుంది, ఇక అనంతపురం వైపు జూన్, జూలై గాలుల్లో చెప్పనక్కర్లేదు. దాని కాళ్ల మీద చిన్న రాయి పెట్టండి. డివైడర్ పక్క లేన్‌లోనే ఆగిపోయి, కదిలించడానికి వీలు కాకపోతే త్రికోణం కోసం రోడ్డు మీద నడవొద్దు. హజార్డ్ లైట్లు వేసి వెంటనే ఫోన్ చెయ్యండి.

జాతీయ రహదారి సహాయానికి 1033, పోలీసుకు 112, అంబులెన్సుకు 108. ఎక్కడున్నారంటే "గుత్తి దాటినాక" అని చెప్తే వాళ్లకు చాలదు. కిలోమీటరు రాయి మీద అంకె చెప్పండి. రాళ్ల మధ్యలో 200 మీటర్లకొక చిన్న రాయి కూడా ఉంటుంది.

లారీ ఆగిపోతే వెనక బండరాళ్లు పేర్చి, వేపకొమ్మ విరిచి పెడతారు. కొమ్మ పగలు కనపడుతుంది, రాత్రి కనపడదు. లారీ బాగై పోయినాక రాళ్లు మాత్రం రోడ్డు మీదే ఉంటాయి, తెల్లవారుజామున వచ్చే బైకువాడు వాటి మీద పడతాడు. పెట్టినవాడే తీసి అవతల పారేసి పోవాల.

బ్యాటరీ సంగతి. పాత రకం బల్బు ఒక్కొక్కటి 21 వాట్లు. నాలుగు, ఇంకా పక్కల రెండు 5 వాట్లవి, మొత్తం 94 వాట్లు. వెలిగినప్పుడు 8 ఆంపియర్లు లాగుతాయి, సగం సేపు ఆరి ఉంటాయి కాబట్టి సగటున 4. వెనక ఎర్ర దీపాలవి కలిపితే 6 దాకా పోతుంది. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. కొత్తదైనా ఆరు గంటలు నిలవదు, మూడేళ్ల బ్యాటరీ రెండు మూడు గంటలకే స్టార్టర్ తిప్పలేని స్థితికి వస్తుంది. ఎల్ఈడీ దీపాలున్న కార్లకు ఈ బెంగ చానా తక్కువ. బ్యాటరీ పోతుందని దీపాలు ఆర్పడం మాత్రం వద్దు. మెకానిక్ రావడం ఆలస్యమైతే ఏసీ, పాటలు ఆపుకోండి.

టిఫిన్ సెంటరు ముందు రెండో వరసలో నిలబెట్టి, నాలుగూ వేసి "ఐదు నిమిషాలే" అనడం గురించి ఒక్క మాట. ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేలా బండి వదిలిపెట్టకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెప్తుంది. దీపాలు కొట్టుకున్నంత మాత్రాన ఆ తప్పు మాఫీ కాదు.

చివరగా తనిఖీ. బటన్ నొక్కి కారు చుట్టూ ఒకసారి తిరగండి. ముందు రెండు, వెనక రెండు, అద్దాల మీదో ఫెండర్ల మీదో రెండు, ఆరు దీపాలు వెలగాల. నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాల. బల్బు మాడితే ఇండికేటర్ వేసినప్పుడు ఆ పక్క టకటకమని వేగంగా కొట్టుకుంటుంది, అయితే హజార్డ్ వేసినప్పుడు చానా కార్లలో ఆ తేడా తెలియదు. అందుకే దిగి చూడాల. ఇండికేటర్లు బాగుండి హజార్డ్ పనిచేయకపోతే దాని ఫ్యూజునో స్విచ్చినో అనుమానించండి. రెండూ పనిచేయకపోతే దీపాలను కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ రిలే చూడండి. బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా మసకగా వెలిగితే ఆ దీపానికి ఎర్తు సరిగా లేదు, తుప్పు గీకి బిగిస్తే సరిపోతుంది. చవక ఎల్ఈడీ బల్బు వేసినాక వేగం పెరిగితే అది బల్బు మార్చడం వల్లే, రిలే పాడైందనుకొని అలాంటిదే ఇంకోటి కొని డబ్బు పోగొట్టుకోవద్దు. ట్రాక్టరు ట్రాలీ ఉన్న రైతన్నలు వెనక పలకకు ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించండి. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు బయట నిలబెట్టిన బండ్ల దగ్గరికి పోదాం. ఇద్దరిద్దరుగా నిలబడండి, ఒకరు బటన్ నొక్కితే ఇంకొకరు చుట్టూ తిరిగి ఆరు దీపాలూ లెక్కపెట్టాల. వెలగనివి ఉంటే చెప్పండి, 21 వాట్ల బల్బులు బల్ల మీద ఉన్నాయి.