హాస్టల్ పెట్టెలో మందు డబ్బా

శ్రోతలకు నమస్కారం.

మన దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. తొలి విడతలో ఎంచుకున్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం 2006 చివర్లో వచ్చింది. తల్లి కడుపులోనో, కాన్పు సమయంలోనో, చనుబాల ద్వారానో వైరస్ సోకిన ఆనాటి పసివాళ్లు ఇవాళ డిగ్రీ చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. కొందరికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఇలాంటి పిల్లల మీద ఆశ వదిలేసుకున్న కాలం ఒకటి ఉండేది. అందుకే వాళ్లు ఎదిగి తిరుగుతుంటే చూడటం నాకు ఎంతో సంతోషం.

కానీ అందరూ అలా ఎదగడం లేదు. మందు ఒకటే, అదీ ఉచితమే, అయినా ఫలితంలో ఇంత తేడా ఎందుకు? 2023 నాటి ప్రపంచ లెక్కల ప్రకారం హెచ్‌ఐవీ ఉన్న పెద్దల్లో నూటికి 77 మందికి చికిత్స అందుతుంటే, 15 ఏళ్లలోపు పిల్లల్లో 57 మందికే అందుతోంది. మందు మొదలుపెట్టిన పిల్లల్లోనూ టీనేజీకి వచ్చాక మానేసేవాళ్లు ఎక్కువ.

అమ్మానాన్నలు పోయి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లాణ్ణి తలచుకోండి. "బలం మాత్రరా, వేసుకో" అని ఆమె రోజూ రాత్రి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇస్తుంది. ఎనిమిదేళ్లప్పుడు మాట్లాడకుండా మింగుతాడు. పద్నాలుగేళ్లు వచ్చాక, "నాకు బాగానే ఉంది కదా, ఇంకా ఎందుకు?" అంటాడు. ఆమె దగ్గర జవాబు ఉండదు. నిజం చెబితే వాడు ఏమైపోతాడోనని భయం, నలుగురికీ తెలుస్తుందని భయం. వాడు మాత్ర నోట్లో పెట్టుకుని, బయటికెళ్లి ఉమ్మేస్తాడు. స్కూలు వయసులోనే, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో, కొద్దికొద్దిగా నిజం చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. ఎలా చెప్పాలో ఆ అమ్మమ్మకు నేర్పే మనిషి కావాలి. హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్ ఉంటారు గానీ, నెల మందుల కోసం వరసలో అంతమంది నిలబడి ఉంటే ఒక్క పిల్లాడితో అరగంట కూర్చోవడం ఎలా కుదురుతుంది?

ఇక హాస్టల్. మందు డబ్బాలో ముప్పై మాత్రలుంటాయి, కదిపితే గలగలమంటాయి. అందుకే డబ్బాలో దూది కుక్కేవాళ్లున్నారు, లేబుల్ చించేసేవాళ్లున్నారు, మాత్రలు కాగితంలో చుట్టి పెట్టె అడుగున బట్టల మధ్య దాచేవాళ్లున్నారు. పక్కమంచం వాళ్లు నిద్రపోయేదాకా మెలకువగా ఉండి మింగాలి. పరీక్షల టెన్షన్‌లో ఒకరోజు మర్చిపోతారు, తర్వాత వారం. మందు ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఆగుతూ సాగుతూ ఉంటే ఆ మందుకే లొంగకుండా తయారవుతుంది. అప్పుడు సెకండ్ లైన్ మందులకు, అంటే మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే వేరే మందులకు మారాలి. మాత్రలు ఎక్కువ, ఆ మందులు మొదలుపెట్టే సెంటర్లు తక్కువ. ఓపీ వేళల్లో వెళ్లాలంటే క్లాసు ఎగ్గొట్టాలి, వార్డెన్‌కు కారణం చెప్పాలి. ఆ కారణమే చెప్పలేడు.

అదే తల్లి బతికి ఉండి, తనూ మందు వాడుతూ, పిల్లతో అన్నీ మాట్లాడే ఇంట్లో చూడండి. రాత్రి భోజనం కాగానే ఇద్దరూ కలిసే మాత్ర వేసుకుంటారు, దాచుకునేదేమీ ఉండదు. ఈ రెండు ఇళ్ల మధ్య తేడా ఏ మందుల షాపులోనూ దొరకదు.

ఆడపిల్లల పరిస్థితి ఇంకా కష్టం. పెళ్లయితే ఎదుటివాళ్లకు చెప్పాలా, దాచాలా? చెప్పే పెళ్లి చేయాలని నేను గట్టిగా అంటాను. భర్తకు తెలియని మందు అత్తారింట్లో ఎన్నాళ్లు సాగుతుంది? రోజూ మందు వాడుతూ, పరీక్షలో వైరస్ కనబడని స్థాయికి తగ్గి అలాగే కొనసాగితే, లైంగికంగా భర్తకు సోకదు. గర్భం వచ్చాక కూడా మందు మానకుండా ఉంటే బిడ్డకు సోకే అవకాశం 5 శాతం లోపే. చికిత్స లేకపోతే అది 15 నుంచి 45 శాతం. ఈ సంగతి పెళ్లీడుకొచ్చిన పాజిటివ్ పిల్లలకు, వాళ్ల ఇళ్లలో పెద్దలకు విడమరిచి చెప్పేవాళ్లే లేరు.

చట్టం ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం హెచ్‌ఐవీ కారణంగా బడిలో, ఉద్యోగంలో, ఆసుపత్రిలో వివక్ష చూపకూడదు. ఒకరి పరీక్ష ఫలితాన్ని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. పెద్దదిక్కు లేని ఇంట్లో, 12 ఏళ్లు నిండిన అక్కో అన్నో తగిన పరిణతి ఉంటే, 18 ఏళ్లలోపు తమ్ముడికీ చెల్లికీ గార్డియన్‌గా నిలబడి బడిలో చేర్పించవచ్చు, బ్యాంకు ఖాతా నడపవచ్చు, వైద్యం చేయించవచ్చు. ఆసుపత్రిలో గానీ బ్యాంకులో గానీ "పెద్దవాళ్లను తీసుకురా" అని వెనక్కి పంపితే, ఈ చట్టం పేరు చెప్పి అడగండి.

వార్డెన్లకు, ప్రిన్సిపాళ్లకు ఒక మనవి. ఏ పిల్లాడైనా నెలకోసారి ఆసుపత్రికి వెళ్లాలంటే, కారణం తరచి తరచి అడగకుండా సెలవివ్వండి. నిలకడగా మందు వాడే చదువుకునే పిల్లలకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇవ్వమని, వాళ్ల కోసం ఆదివారం ఒక పూట తెరవమని ఏఆర్‌టీ సెంటర్లను కోరుతున్నాను. మందు మానేసిన పిల్లలెవరైనా ఈ ప్రసంగం వింటుంటే, తిట్టుతారని భయపడకుండా రేపే మీ సెంటర్‌కు వెళ్లండి, చికిత్స మళ్లీ మొదలుపెడతారు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కు ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు.